నలుగురు పట్టే బండి

మళ్ళీ ధరేనా సార్! వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, నేను నోరు తెరిస్తే చాలు మీరు వాయిదాల దగ్గరికి వెళ్ళిపోతున్నారు. నేను ధర అడిగానా? చెప్పండి, అడిగానా? ఈ బండి వెనక సీట్లో ఒక్కసారి కూర్చుని చూస్తానన్నాను. అంతే కదా!

కొననండీ. ముందే చెప్పేస్తున్నా, తర్వాత మోసం చేశాననుకోకండి. నా జీతానికి దీని చక్రం కూడా రాదు. అయినా బూట్లు తుడుచుకునే లోపలికొచ్చాను. ఇదిగో, రుమాలు చూడండి, ఎలా అయిందో.

అయ్యో, వెళ్ళిపోకండి సార్. ఆదివారం మధ్యాహ్నం, షోరూములో ఇంకో పురుగు లేదు. ఆ అద్దాలు తుడిచే ఆవిడ కూడా వెళ్ళిపోయింది. మీకు మాత్రం పొద్దు గడవద్దూ?

ఆఁ. అలా ఆనుకుని నిలబడండి. సంతోషం.

ఈ రెండూ పక్కపక్కన ఉన్న చోటు కోసం ఎంత తిరిగానో మీకు తెలీదు. అమెరికా బండ్లు అమ్మేవాళ్ళ దగ్గర యూరప్‌ది ఉండదు, యూరప్‌వి అమ్మేవాళ్ళ దగ్గర ఇది ఉండదు. మీది ఒకసారి వాడిన బండ్ల వ్యాపారం కాబట్టి రెండూ ఒకే కప్పు కింద తలదాచుకున్నాయి.

ఇదేనన్నమాట నాది. అబ్బో, ఏం ముక్కండీ దీనికి! ఆ బానెట్ మీద మంచం వేసుకుని పడుకోవచ్చు. అదిగో, పసుపుపచ్చగా, నేలకి అతుక్కుపోయి ఉందే, అది మా అమ్మాయిది.

అంటే నిజంగా మావి కాదులెండి. మాటల్లో మావి. నాది అమెరికా, దానిది యూరప్. అలా పంచింది కూడా అదే. నన్నెవరడిగారు?

పన్నెండేళ్ళు. ఇంకో ఊళ్ళో ఉంటుంది, వాళ్ళమ్మ దగ్గర. తమ్ముడు కూడా అక్కడే, ఆరేళ్ళ వెధవ. ఛ ఛ, విడాకులూ అవీ ఏం లేవు! చెప్పగానే అందరూ ఇలాగే మొహం పెడతారు. మొదట్లో ఉద్యోగాల వల్ల వేరుగా ఉన్నాం. ఇప్పుడు అలవాటు వల్ల ఉంటున్నాం అనుకోండి. పోట్లాడుకున్నవాళ్ళయితే రాజీ పడతారు. మేం అసలు పోట్లాడుకుంటేగా!

నేను ఉత్త భయస్థుణ్ణి సార్. ఫోన్ చేశానంటే చాలు, తిన్నావా, దగ్గు తగ్గిందా, రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా చూస్తున్నావా, తమ్ముడి చెయ్యి పట్టుకుంటున్నావా, గ్యాస్ కట్టేశారా. అటు నుంచి ఊఁ. ఆఁ. ఊఁ. నేను అడగడమూ నిజమే, అది చెప్పడమూ నిజమే, కానీ దాన్ని మాట్లాడుకోవడం అంటారా? హాజరు వేసినట్టు ఉండేది.

ఒకరోజు మా కిటికీ కింద ఏదో బండి గుర్రుమంటూ వెళ్ళింది. అటు ఫోన్లో మా అమ్మాయి ఎగిరి గంతేసింది. "నాన్నా, ఎనిమిది సిలిండర్లది కదా అది! అమెరికాది కదా!" అని.

నాకేం తెలుసు? నాకు ఆటోకీ దానికీ చప్పుడులో తేడా తెలీదు. కానీ ఆ గొంతు... ఆ గొంతు నేను విని ఎన్నాళ్ళయిందో సార్. "అవునమ్మా, ఎనిమిదే" అనేశాను.

అంతే! ఆ ఆదివారం నుంచి మొదలు. నాలుగింటికి ఫోన్. తలా ఒక మాట చెప్పాలి, ఎవరి బండి ఎందుకు గొప్పదో. తమ్ముడు జడ్జి. వాడికి బండంటే రంగు, హారను, అంతే. వాళ్ళక్క పెట్టే చాక్లెట్టుని బట్టి తీర్పు చెబుతాడు. నేను ఇక్కణ్ణుంచి చాక్లెట్టు ఎలా పెట్టను?

వారమంతా చదివేవాణ్ణి. నవ్వకండి. పని చేసేచోట కూడా, భోజనం డబ్బా పక్కన ఇంజన్ల బొమ్మలు పెట్టుకుని. నేను బలం గురించి చెబితే అది బరువు గురించి చెప్పేది. "నీ ఇనప గేదెకి తిన్నగా పరిగెత్తడమే తెలుసు నాన్నా, మలుపు వస్తే గోడకేసి చూస్తుంది" అనేది. మరి నీ మిడత ధరకి నా గేదెలు రెండొస్తాయి కదే అంటే, "గేదెలు రెండున్నా గేదెలే" అనేది. ఎవరు నేర్పారండీ దీనికి ఈ మాటలు?

ఒక్క సంగతి చెబుతాను. నేను కావాలనే ఓడిపోయేవాణ్ణి. దాంట్లో చాలా పనితనం ఉంది. మరీ తొందరగా ఓడితే పసిగడుతుంది. కాస్త గింజుకోవాలి, కోపం తెచ్చుకోవాలి, "చూస్తూ ఉండు, వచ్చే వారం చెబుతా నీ పని" అనాలి. వచ్చే వారం అన్నమాట రావాలి సార్. అదే కదా అసలు సంగతి! ఓడినవాడికి వచ్చేవారం ఉంటుంది.

ఇంత జాగ్రత్తపడే మనిషిని, పోయిన నెల గెలిచేశాను.

ఎలాగా? ఎలాగేముంది, నోటి దురుసు. నా బండి కాగితం మీద నాలుగు సీట్లని ఉంది. దాని బండికి రెండే. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "అమ్మడూ, నీ మిడతలో ఇద్దరే పడతారు. నా గేదెలో అమ్మ, తమ్ముడు, నువ్వు, నేను, నలుగురం పడతాం. ఇప్పుడేమంటావ్?" అన్నాను.

తమ్ముడి తీర్పు కోసం కూడా ఆగకుండా అది, "నువ్వే గెలిచావు నాన్నా" అంది. హోంవర్కు చేసుకోవాలి అంది.

తర్వాత ఆదివారం ఫోన్ చేశాను. తిన్నావా? ఊఁ. దగ్గు తగ్గిందా? ఆఁ. ఏమ్మా, బండ్ల సంగతేంటి అంటే, "అయిపోయింది కదా నాన్నా, నువ్వు గెలిచావు కదా" అంది. ఆ తర్వాత వారమూ అంతే. మళ్ళీ వారమూ అంతే. తమ్ముడైతే ఫోన్ దగ్గరికే రావడం మానేశాడు. తీర్పు చెప్పే పని లేదు కదా వాడికి.

అందుకొచ్చాను సార్. నా బండిలో ఏదో ఒక లోపం పట్టుకోవాలి. పట్టుకుని, మా అమ్మాయికి ఫోన్లో చెప్పి ఓడిపోవాలి. మీరు జీవితంలో చూసి ఉండరు, బండికి వంక వెతకడానికి వచ్చి, కొనకుండా పోయేవాణ్ణి.

ఇందులో సిగ్గుపడాల్సిన ముక్క ఒకటుంది. నేను లిఫ్టులు తనిఖీ చేస్తాను. లోపల రేకు మీద 'ఆరుగురు' అని ఉంటుంది చూశారా? రాసినంత మాత్రాన నేను నమ్మను. అంత బరువూ ఎక్కించి, పైకీ కిందికీ తిప్పి, అప్పుడుగానీ సంతకం పెట్టను. బిల్డింగు వాళ్ళు నన్ను చూస్తే తిట్టుకుంటారు, వచ్చాడ్రా చాదస్తుడు అని. అలాంటివాణ్ణి, కాగితం మీద నాలుగు సీట్లని చూసి, నలుగురం పడతాం అని కన్నబిడ్డకి మాటిచ్చేశాను. కూర్చుని చూడలేదు. ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు!

అందుకని, దయచేసి, ఆ ముందు సీటు కాస్త వంచండి.

ఇంతేనా వంగుతుంది? ఇందులోంచి లోపలికెళ్ళాలా? నేనేం పిల్లినా? ఉండండి, ముందు కాలు పెట్టాలా తల పెట్టాలా... అబ్బా. నడుము. ఏం లేదు, ఏం లేదు.

హమ్మయ్య. పడ్డాను.

సార్! సార్, చూడండి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి! తల అద్దానికి కొట్టుకుంటోంది. కాళ్ళు పెట్టే చోటేదీ? ఇదేనా కిటికీ? దీన్ని కిటికీ అంటారా మీ వ్యాపారంలో?

పట్టరు! నలుగురు పట్టరు సార్! తమ్ముణ్ణి మడిచి పెట్టొచ్చు, వాళ్ళమ్మ మాత్రం ఈ సీట్లో కూర్చోమంటే నన్ను డిక్కీలో పెడుతుంది. ఇదీ ఇద్దరి బండే! ఓడిపోయాను, శుభ్రంగా ఓడిపోయాను!

నాలుగైందా? అయింది కదా. ఇక్కణ్ణుంచే చేస్తాను. కూర్చున్నచోటు నుంచే సాక్ష్యం చెబుతాను. మీరుండండి, పర్లేదు, ఇందులో దాచుకునేదేముంది.

హలో... ఆ, నేనేనమ్మా. తిన్నావా? సరే సరే, అది కాదులే. ఎక్కడున్నానో చెప్పుకో చూద్దాం! కాదు. ఆఫీసూ కాదు. గేదె కడుపులో ఉన్నానే! నిజం బండి! ఒట్టు. వెనక సీట్లో... విను, నేను ఓడిపోయాను. ఇందులో నలుగురు పట్టరు. అస్సలు పట్టరు. నీదే గెలుపు, తమ్ముణ్ణి పిలు, తీర్పు చెప్పమను...

ఏంటీ?

ఎప్పట్నుంచి?

మరి చెప్పలేదేం?

... ఆఁ. వింటున్నా. వింటున్నానమ్మా.

అది... అమ్మడూ, అది కాదు గానీ... నీ బండికి వైపర్లు ఒకటా, రెండా? ఆఁ, వైపర్లే. వాన తుడిచేవి. నాకు ఇక్కణ్ణుంచి సరిగ్గా కనబడట్లేదు. రెండా? రెండూ ఒకవైపే తిరుగుతాయా? అలాగా. ఊఁ. ఓహో. ఊఁ...

సరే తల్లీ. వచ్చే ఆదివారం. జాగ్రత్త. తమ్ముడి చెయ్యి పట్టుకో. ఊఁ.

పెట్టేసింది.

ఏమందా? దానికి ముందే తెలుసట సార్. ఈ వెనక సీట్లో పెద్దవాళ్ళు పట్టరని బండ్ల పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసట. మరి ఆ రోజే చెప్పి నన్ను ఓడించొచ్చు కదే అన్నాను. "నువ్వు నలుగురం అన్నావు కదా నాన్నా. పట్టం అని నేనెలా చెప్పను?" అంది.

నేను దాని కోసం ఓడిపోతున్నాననుకున్నాను. అది నా కోసం ఓడిపోయి కూర్చుంది.

తర్వాత ఇంకోటి అడిగింది. మెల్లిగా అడిగింది, పక్కగదిలో వాళ్ళమ్మ ఉన్నట్టుంది. "బండి ఏదైనా సరే నాన్నా, మనం నలుగురం ఎప్పుడు ఒకచోట ఉంటాం?" అని.

ఇన్ని ఆదివారాల్లో ఈ ముక్క ఎప్పుడూ అడగలేదు సార్. నేనూ ఎప్పుడూ అడగలేదు, వాళ్ళమ్మని. దేని జవాబైనా వెతికి పెట్టుకుంటాను కదా నేను, సిలిండర్లూ, బరువూ. దీనికే ఏమీ వెతుక్కోలేదు.

మీరు విన్నారుగా నేనేమన్నానో. వైపర్లు ఎన్ని అన్నాను.

అది మళ్ళీ ఆ మాట ఎత్తకుండా చెప్పడం మొదలెట్టింది. వైపర్ల గురించి ఎవరైనా ఎంతసేపు మాట్లాడగలరు సార్? మాట్లాడింది. రబ్బరు గురించి, వాన గురించి, నీళ్ళు చిమ్మే గొట్టం గురించి. నాకు మళ్ళీ మాట తడబడకుండా, ఎక్కడా ఖాళీ లేకుండా మాట్లాడింది. చిన్నపిల్లాణ్ణి రోడ్డు దాటించినట్టు.

పోనీలెండి. నాకు కావలసింది దొరికింది కదా! మాటలు మళ్ళీ మొదలయ్యాయి. వచ్చే ఆదివారం అన్నమాట వచ్చింది.

లేవాలి, లేస్తాను. మీ షాపు కట్టేసే వేళ అవుతున్నట్టుంది. ఒక్క నిమిషం ఇలాగే కూర్చోనివ్వండి.

ఈలోగా మీరు ఆ పసుపుపచ్చదాని టైర్ల గురించి ఏదైనా చెప్పండి. ఏదైనా పర్లేదు. కాస్త పొడుగ్గా చెప్పండి.