నాయుడుపేట అనే కుక్కపిల్లను పిలిచింది నేనే

తేది 03-12-2024, మంగళవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలకు, ఎవరూ పిలవకుండా నా అంతట నేను స్టేషనుకు వచ్చి ఎస్.ఐ. గారి ముందు చెప్పి రాయించిన సంగతులు.

నా పేరు పందిటి క్రీస్తురాజు. తండ్రి పేరు ఇశ్రాయేలు, ఇప్పుడు లేరు. నా వయసు 64 సంవత్సరాలు. ఆర్టీసీలో కండక్టరుగా ముప్పైఒక్క సంవత్సరాలు పనిచేసి 2020లో రిటైరయ్యాను. ప్రస్తుతం పనేమీ లేదు. మైపాడులో చర్చి వెనక సందులో, చర్చి గేటుకు నలభై అడుగుల దూరంలో సొంత ఇంట్లో ఉంటున్నాను. ఇంట్లో ఎవరెవరు ఉంటారని రైటరు గారు అడిగారు. నేనొక్కడినే. నా భార్య స్వర్ణ 2019లో కిడ్నీ జబ్బుతో చనిపోయింది. మాకు పిల్లలు లేరు.

జడ్సన్ గారు తన రొయ్యల గుంటల కాపలాదారు హజరత్తయ్య మీద ఇచ్చిన ఫిర్యాదు గురించి చెప్పడానికి వచ్చాను. ఆ కుక్కపిల్లను హజరత్తయ్య అమ్ముకోలేదు. తీసుకుపోయింది నేను. అది ఇప్పుడు ఈ స్టేషను వరండాలో ఉంది. నేనే తెచ్చి కట్టాను. ఎందుకు తీసుకుపోయానో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి. తొందరగా కానిమ్మని తమరు అన్నారు. ప్రయత్నిస్తాను. కానీ సార్, టైములు వదిలేసి చెప్పడం నాకు చేతకాదు.

ఆగస్టు 19 సోమవారం ఉదయం 6.15కు నేను సముద్రం ఒడ్డున నడుస్తుండగా, తిరగేసి పెట్టిన ఒక పాత పడవ కింద కుక్కపిల్లల ఏడుపు వినిపించింది. వాటి తల్లి ముందురోజు చేపల లారీ కింద పడి చచ్చిపోయిందని అక్కడ వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చెప్పారు. తల్లి ఊరకుక్క. తండ్రి మాత్రం బీచి రోడ్డులోని ఒక తోట బంగళాలో ఉండే లాబ్రడారని ఊరంతటికీ తెలుసు. పిల్లలు ఐదు. రెండు తేనెరంగువి, రెండు నల్లవి, ఒకటి ఏ రంగో చెప్పలేనిది. ఇంకా కళ్ళు తెరవలేదు. "ఎత్తుకోని పో కండక్టరన్నా, ఇంట్లో ఊరకనే గదా ఉండావు" అని వాళ్ళలో ఒకడన్నాడు. ఎగతాళికే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే ఐదింటినీ తువ్వాలులో వేసుకుని ఇంటికి తెచ్చాను.

చేపలు పంపే థర్మాకోల్ పెట్టెలో స్వర్ణ పాత చీర పరిచి వాటిని పడుకోబెట్టాను. పశువుల ఆసుపత్రి కాంపౌండరు నరేంద్రబాబు గారిని అడిగితే, ఆవుపాలు పడవని, డబ్బాపాలు కలిపి మూడు గంటలకొకసారి సిరంజితో పట్టమని, పట్టిన ప్రతిసారీ వేడినీళ్ళలో తడిపిన గుడ్డతో కింద తుడవమని చెప్పారు. తల్లి నాకితే తప్ప ఆ వయసు పిల్లలకు మూత్రం రాదట. అరవై నాలుగేళ్ళు వచ్చేదాకా ఈ సంగతి నాకు తెలియదు. వెచ్చదనం కోసం ఖాళీ బ్రాందీ సీసాలు ఏరుకొచ్చి, వాటిలో వేడినీళ్ళు పోసి, నా డ్యూటీ మేజోళ్ళు తొడిగి పిల్లల పక్కన పెట్టేవాడిని. మా సంఘ పెద్ద ఆండ్రూ గారు కిటికీలోంచి ఆ సీసాలు చూసి, క్రీస్తురాజు తాగుడుకు పడ్డాడని పాస్టరు గారితో చెప్పారు. పాస్టరు గారు ప్రార్థన చేయడానికి వచ్చారు. పిల్లలను చూశారు. వచ్చిన పని కాబట్టి ప్రార్థన చేసే వెళ్ళారు.

నేను తిరిగిన రూట్ల పేర్లే వాటికి పెట్టాను. కావలి, గూడూరు, కోట, ముత్తుకూరు, నాయుడుపేట. ఏ రంగో తెలియనిది నాయుడుపేట. దానికి ఒక చెవి నిలబడుతుంది, ఇంకొకటి వాలుతుంది. నడక వచ్చాక వాటికి నా పాత ఈల అలవాటు చేశాను. రెండుసార్లు ఊదితే ఎక్కడున్నా పరుగెత్తి రావాలి. ఆరో వారానికి ఐదూ వచ్చేవి.

అనవసరమైన విషయాలు వద్దని తమరు అన్నారు. ఇది అవసరం. డ్యూటీలో రోజుకు ఆరేడు వందల మందితో మాట్లాడేవాడిని. రిటైరయ్యాక కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. ఒకసారి టీకొట్టు దగ్గర టీ అడగబోతే గొంతు పెగల్లేదు. దగ్గి, మళ్ళీ అడగవలసి వచ్చింది. పిల్లలు వచ్చాక పొద్దున ఐదున్నరకే నా మాట మొదలయ్యేది. అన్నం పెట్టేటప్పుడు "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉండాది, జరగండి" అనేవాడిని. అవి జరిగేవి కావు. ప్యాసింజర్లూ అంతే.

అక్టోబరు 7 సోమవారం వాటికి టీకాలు వేయించాలని ఐదింటినీ బుట్టలో పెట్టుకుని 8.40కి బస్సు దగ్గరకు వెళ్ళాను. నెల్లూరులో కుక్కల డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచాను. ఆ బస్సు కండక్టరు భానుప్రియ, నాకు కూతురుంటే ఆ వయసే ఉండేది. "ఎక్కు మామా, ఎవురడగతారు" అంది. నేను ఎక్కలేదు. ముప్పైఒక్క సంవత్సరాల్లో నేను ఒక్క కోడిని కూడా బస్సెక్కనివ్వలేదు. ఎంతమంది ముసలివాళ్ళను బుట్టలతో సహా దింపేశానో లెక్క లేదు. ఇప్పుడు నా బుట్ట నేనెట్లా ఎక్కిస్తాను? వచ్చే సోమవారం ఆటో మాట్లాడుకుని పోదాంలే అనుకుని వెనక్కి వచ్చేశాను.

ఆ సోమవారానికి నాలుగు మంచాన పడ్డాయి. రక్త విరేచనాలు. పార్వో అనే జబ్బని, టీకా పడి ఉంటే బతికేవేమోనని డాక్టరు ఫోనులో చెప్పారు. అక్టోబరు 14 ఉదయం 5.50కి కావలి చనిపోయింది. అదే రోజు మధ్యాహ్నం 2.10కి గూడూరు చనిపోయింది. 15న ఉదయం 11.00కు కోట చనిపోయింది. 16న ఉదయం 9.30కి ముత్తుకూరు చనిపోయింది. నాలుగింటినీ సరుగుడు తోట అవతల ఇసుకలో పాతిపెట్టాను. వచ్చేసరికి నాయుడుపేట కూడా తల వాల్చేసింది.

16న సాయంత్రం నాలుగు గంటలకు మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. తమరికి తెలుసో లేదో, బైబిల్లో హన్నా అనే ఆవిడ బిడ్డల కోసం ఏడ్చి, మగపిల్లవాడు పుడితే దేవుడికే ఇచ్చేస్తానని మొక్కుకుంటుంది. సమూయేలు పుడతాడు. మాట ప్రకారం మందిరంలో అప్పగిస్తుంది. నేనూ అట్లాగే మొక్కుకున్నాను. ఈ ఒక్కదాన్ని బతికించు, నీకే ఇచ్చేస్తాను అన్నాను. 19న ఉదయం 7.05కు అది లేచి నిలబడి గంజి తాగింది.

నవంబరు 24 ఆదివారం మా చర్చిలో కోత పండగ. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడికి ఇస్తారు. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, రొయ్యలు. నేను నాయుడుపేటకు స్నానం చేయించి, మెడకు స్వర్ణ రిబ్బను కట్టి, తీసుకెళ్ళి బలిపీఠం ముందు కూర్చోబెట్టాను.

ఇక్కడ నేను చేసిన పొరపాటు రాసుకోండి. సమూయేలు మందిరంలోనే పెరిగాడు. హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకుపోయి వాడిని చూసి వచ్చేది. నాయుడుపేట కూడా చర్చి ఆవరణలోనే ఉంటుంది, నలభై అడుగులు నడిస్తే కనిపిస్తుంది, అన్నం నేనే పెట్టొచ్చు అనుకున్నాను. కోత పండగ కానుకలను ఆరాధన అయ్యాక వేలం వేస్తారని నాకు తెలియదా? తెలుసు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నేనే రెండుసార్లు కోడిపుంజులు పాడుకున్నాను. కానీ దీన్ని కూడా వేలం వేస్తారని నా బుర్రకు తట్టలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

12.30కి ఆండ్రూ గారు గుమ్మడికాయలన్నీ అయ్యాక దాన్ని ఎత్తి పట్టుకున్నారు.

"ఇదేందబ్బా, ఎవురిదీ కానుక?"

"నాది" అన్నాను.

"పేరేంది?"

"నాయుడుపేట."

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. "రాండి రాండి, నాయుడుపేట పోతా ఉండాది, ఎవురెక్కతారో రాండి" అని ఆండ్రూ గారు పాట మొదలుపెట్టారు. ఇచ్చినవాడు తన కానుకను తానే పాడుకోకూడదని మా సంఘంలో కట్టుబాటు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. జడ్సన్ గారు పాడుకున్నారు. ఆయన మంచివాడే. చెడ్డవాడని ఎక్కడా రాయవద్దు. "గుంటల్లో నీటికాకుల్ని తరమను కుక్క గావాలన్నా. దేవుడికాడ కొన్నా గదా, బాగనే జూసుకుంటా" అని నా చేతులు పట్టుకుని చెప్పారు. 1.20కి బండి మీద తీసుకుపోయారు. బండి ఎక్కడం దానికి అదే మొదలు. చెవులు గాలికి ఎగురుతుంటే ముందుకే చూస్తూ పోయింది.

సోమవారం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మంగళవారం మాట్లాడలేదు. బుధవారం ఇద్దరికి సరిపడా అన్నం వండి, పళ్ళెంలో పెట్టి, వాకిట్లో పెట్టి, అప్పుడు గుర్తొచ్చి తెచ్చి నేనే తిన్నాను. గురువారం మాట్లాడలేదు. ఒంటరితనం నాకు కొత్త కాదు సార్. ఐదేళ్ళు ఓర్చుకున్నాను. ఆ నాలుగు రోజులు ఓర్చుకోలేకపోయాను.

నవంబరు 29 శుక్రవారం 11.20కి ఉప్పుటేరు పక్కన జడ్సన్ గారి గుంటల దగ్గర బస్సు దిగాను. వల కంచె బయట రోడ్డు మీదే నిలబడ్డాను. లోపలికి వెళ్ళలేదు. నాయుడుపేట గట్టు మీద హజరత్తయ్య గుడిసె నీడలో పడుకుని ఉంది. తాడు లేదు. హజరత్తయ్య గుంటలో మేత చల్లుతున్నాడు. నేను ఈల తీసి రెండుసార్లు ఊదాను. అది లేచి, కంచె కింద నుంచి దూరి, నా కాళ్ళ దగ్గరకు వచ్చింది. దాని కడుపు నిండుగా ఉంది. అతను తన కూడులోనే దానికి పెడుతున్నాడని తర్వాత తెలిసింది.

హజరత్తయ్య కంచె దాకా వచ్చాడు. నన్ను చూశాడు, దాన్ని చూశాడు. "నేనేం జూళ్ళేదన్నా. నేను మేత జల్లతా ఉండా" అన్నాడు. వీపు తిప్పి గట్టు వెంట పోయాడు. అతనితో నాకు అంతకుముందు పరిచయం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు దాన్ని తువ్వాలు కింద పెట్టుకుని బస్సెక్కాను. భానుప్రియ నా ఒడి వంక చూసి, ఏమీ అడగకుండా, నాకు టికెట్టు కొట్టి ముందుకు వెళ్ళింది.

నిన్న, డిసెంబరు 2, ఉదయం 7.30కు టీకొట్టులో విన్నాను. కుక్కపిల్లను అమ్ముకున్నాడని జడ్సన్ గారు హజరత్తయ్యను పనిలోంచి తీసేశారని, స్టేషనుకు పిలిపించారని. ఎవరు తీసుకుపోయారో తనకు తెలియదని అతను చెప్పాడట. నా పేరు చెప్పలేదు. వెంటనే రావలసింది. రాలేదు. ఇంటికి పోయి తలుపు గడియ పెట్టుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని రోజంతా కూర్చున్నాను. అది తన ముక్కు నా చేతిలో పెట్టి పడుకుంది. నేను నోరు తెరవకపోతే అది నా దగ్గరే ఉండిపోతుందని నాకు తెలుసు. ఒక రోజంతా ఒక మనిషి కూడు పోగొట్టి ఆ సుఖం అనుభవించాను. ఇదీ రాసుకోండి.

జడ్సన్ గారిని అడిగి ఉంటే ఇచ్చేవారు కదా అని తమరు ఇప్పుడు అడిగారు. ఇచ్చేవారేమో. నాకు అడగాలని తోచలేదు. స్వర్ణ పోయాక నేను ఎవరినీ ఏదీ అడగలేదు. అడగటం మర్చిపోయాను.

కుక్కపిల్ల జడ్సన్ గారిది. దేవుడి దగ్గర కొనుక్కున్నది. దాన్ని ఆయనకు అప్పగించండి. హజరత్తయ్యను తిరిగి పనిలో పెట్టుకోమని ఆయనకు చెప్పండి. నా మీద ఏ కేసు పెట్టినా నేను కాదనను. దానికి పెరుగన్నం చాలు, కారం తగలనివ్వొద్దు. ఉరుము వస్తే మంచం కింద దూరుతుంది, ఆ గుడిసెలో మంచం ఉందో లేదో నేను చూడలేదు.

రాసినదంతా రైటరు గారు నాకు చదివి వినిపించారు. ఒకచోట "కుక్క దానంతట అదే వచ్చినది" అని నా మేలు కోరి రాశారు. దాన్ని కొట్టివేయించి, "నేను పిలిస్తే వచ్చినది" అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది. ఎవరి భయం వల్లా చెప్పలేదు.

సంతకానికి ముందు ఒక్క మనవి. నన్ను వెనక గుమ్మం నుంచి పంపించండి. ముందు నుంచి పోతే, నేను పిలవకపోయినా అది లేచి వస్తుంది.

(సంతకం)
పందిటి క్రీస్తురాజు
రిటైర్డ్ కండక్టరు
03-12-2024, మధ్యాహ్నం 12.25