నాలుగు నట్ల మీద పసుపు గీత

అలా గుడ్లురిమి చూడకు బావా. పళ్లకి తీగ చుట్టి నోరు బిగించేశారు కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఈపాటికి వార్డు వార్డంతా లేచి కూర్చునేలా తిట్టేవాడివి. తెలుసు. అయినా చెప్తాను. కంప్రెసర్ పెట్టాల్సింది బానెట్ కిందే. నాలుగు రోజుల కిందట అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. నా నోరు మూయించే మగాడు... సరే, నీ నోరే మూయించి కూర్చున్నాను, ఇప్పుడా మాటెందుకు.

ఇదా? నా తలకట్టా? ఏం లేదు, తలుపు తగిలింది. అటు తిరుగు.

ఏంటి, పలకా? ఉండు. నీ కుడిచేతి కిందే ఉంది. ఎడమచెయ్యి కదపకు, నర్సమ్మ చూసిందంటే నన్ను మెడబట్టి గెంటుతుంది. ఏం రాశావు? "పో". అంతేనా? ఒక్క అక్షరంతో సరిపెట్టావు. మాట పొదుపు నీకు పెళ్లినాటి నుంచీ ఉంది.

పోను. నాలుగింటికి నీ వాంగ్మూలం రాసుకోడానికి పోలీసాయన వస్తున్నాడు. రాళ్ల మీద బోర్లా పడ్డావని నేను డాక్టరుకి చెప్పాను. ఆయన నీ దవడ ఫోటో వెలుతురుకేసి పట్టి చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "రాయి తగిలితే ఇలా విరగదయ్యా" అన్నాడు. అంతే, పోలీసులకి ఫోను చేశాడు. ఆయన వచ్చేలోపు మనం మాట్లాడుకోవాలి. అంటే నేను మాట్లాడాలి, నువ్వు వినాలి. పన్నెండేళ్లలో మొదటిసారి!

మనిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఎవరికి తెలీదు? ఒకే షెడ్డు, ఒకే టూల్‌బాక్సు, ఒకటే అక్క. నాకు అక్క, నీకు పెళ్లాం. ఆవిడ లేకపోతే ఎప్పుడో ఒకళ్ల తల ఒకళ్లం పగలగొట్టుకునేవాళ్లం. ఉన్నా పగలగొట్టుకున్నాం అనుకో.

ఆ డాక్టరమ్మ బండి మన గుమ్మంలోకి ఏ ముహూర్తాన వచ్చిందో! కొండ మీది ఊళ్లకి మందులు మోసే జీపు. రాళ్ల దారిలో టైర్లలో గాలి తగ్గించుకోవాలి, రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవాలి, అందుకని బండిలోనే ఉండేలా ఒక కంప్రెసర్ పెట్టమంది. ఎంతుంటుంది అది? రెండు ఇటుకలంత. ఆ రెండు ఇటుకల దగ్గర మూడు రోజులు కొట్టుకు చచ్చాం.

నేనేమన్నాను? బానెట్ కింద, బ్యాటరీ పక్కన అన్నాను. వైరు మూరెడు చాలు, కరెంటు దారిలో నీరసపడదు. వాగు దాటినా నీళ్లు అంత ఎత్తుకి రావు. తప్పా? నువ్వేమో ఇంజన్ సెగకి ఉడికి చస్తుంది, వెనక డిక్కీలో పక్కగోడకి పెట్టు అన్నావు. లావు వైరు వేస్తే కరెంటుకేం ఢోకా లేదన్నావు. అక్కడితో ఆగావా? "ఖర్మ కాలి ఊడిందే అనుకో, వెనకైతే సామాన్ల మీద పడుతుంది, ముందైతే స్టీరింగ్ మీద పడుతుంది" అన్నావు.

"ఊడేలా బిగించేది నువ్వు, నేను కాదు" అన్నాను.

అన్నాను కదూ? ఆ మాట నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది బావా.

అక్క మాత్రం డ్రైవరు సీటు కింద పెట్టమంది. మీ ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే అని నవ్వింది. ఎలా నవ్వింది! మన షెడ్డులోంచి ఏ బండి బయటికి వెళ్లాలన్నా ముందు ఆవిడ తోలి చూడాల్సిందే. క్వారీ వెనక గతుకుల దారిలో ఒక చుట్టు కొట్టొచ్చి "పర్లేదు" అంటేనే పర్లేదు. చెయ్యి బయట పెట్టి తోలేది, గాలిని కోసుకుంటున్నట్టు.

నాలుగు రోజులుగా అక్క ఎలా ఉందని పలక మీద రాసి నర్సుల్ని అడుగుతున్నావట. కనీసం కబురైనా పంపలేదేమని అడుగుతున్నావట. నర్సమ్మే చెప్పింది. మేడ మీదే ఉంది బావా, ఆడవాళ్ల వార్డులో. కుడికాలు రెండు చోట్ల విరిగింది. నడుస్తుందట. బ్రేకు తొక్కే బలం మాత్రం వస్తుందో రాదో చెప్పలేమన్నారు. నీ మొహం చూడనంది. తన బట్టలు సర్దేసి పుట్టింటికి పంపమంది. ఎందుకంటే...

చెప్తాను. తొందరపెట్టకు. పలక పగలగొడతావా ఏంటి?

ఆ పొద్దున మనం కొట్టుకున్నాం, గుర్తుందా? నా పంతమే నెగ్గాలని బానెట్ కింద బిగించాను, కొత్తగా నల్లరంగు కొట్టిన బ్రాకెట్టు. కంప్రెసర్ దాని మీద కూర్చోబెట్టి నాలుగు నట్లూ చేత్తో ఎక్కించాను. పొడుగు స్పానర్ ఇంకా బల్ల మీదే ఉంది. నువ్వు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా భుజం మీంచి తొంగిచూసి "ఎక్కడ పెట్టినా సరే, సాయంత్రం విప్పేసి నేను వెనక పెడతాను" అన్నావు. నెమ్మదిగా అన్నావు. అదే నాకు మండేది. అరిస్తే అరుస్తాను, కొడితే కొడతాను, నెమ్మదిగా అంటే ఏం చెయ్యాలి?

రంగు డబ్బాలోంచి కుంచె తీసి నాలుగు నట్ల మీదా టపటపా పసుపు గీతలు లాగేశాను. "ఇదిగో, అయిపోయింది. ఇప్పుడు విప్పు చూద్దాం" అన్నాను.

ఆ పద్ధతి పెట్టింది నువ్వే కదా. ముందు స్పానర్‌తో బిగించాలి, ఆ తర్వాతే నట్టు మీంచి ప్లేటు మీదికి గీత పెట్టాలి. గీత ఉందంటే బిగించినట్టే, మళ్లీ ఎవరూ అడగక్కర్లేదు. పన్నెండేళ్లలో ఆ గీత ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

నువ్వు నా చేతిలో కుంచె లాక్కున్నావు. నేను నీ చొక్కా పట్టుకున్నాను. నువ్వు నన్ను తోస్తే నా వీపు బల్లకి తగిలింది, చేతికి దొరికింది దొరికినట్టు విసిరాను. బోల్టుల డబ్బా. నీ చెవి పక్కనుంచి వెళ్లి గోడకి తగిలి షెడ్డంతా చెల్లాచెదురైంది. తర్వాత ఏం విసిరానో గుర్తుందా? పొడుగు స్పానర్. ఆ నట్లు బిగించాల్సిన స్పానరే బావా! నీ మోకాలికి తగిలి డ్రమ్ముల వెనక ఎక్కడో పడింది. నువ్వు కుంటుతూ వచ్చి నా మొహం మీద ఒక్కటి ఇచ్చావు. నా పెదవి చిట్లింది. అక్క వచ్చి ఇద్దరి మీదా బకెట్టు నీళ్లు కుమ్మరించింది.

అంతే, చల్లబడ్డాం. కోడిపుంజుల్లా తడిసి నిలబడ్డాం. టీ తాగాం. బోల్టులు ఏరుకున్నాం. అక్క బానెట్ ఎత్తి చూసింది, పసుపు గీతలు కనబడ్డాయి, బానెట్ మూసింది, తాళం తీసుకుని క్వారీ దారి పట్టింది. నేనూ చూశాను. నేను పెట్టిన గీతని నేనే నమ్మాను.

ఆ చప్పుడు ఇద్దరం ఒకేసారి విన్నాం కదా. గ్లాసులు అక్కడే పడేసి పరిగెత్తాం. నువ్వే ముందు చేరావు. కుంటికాలితో కూడా నువ్వే ముందు. నేను వెళ్లేసరికి జీపు మలుపు దగ్గర కొండరాయికి ముక్కు దించేసి ఉంది, అక్క లోపల చిక్కుకుని ఉంది, ఆ అరుపు... మనిషి అరుపులా లేదు. వెనకనుంచి వీల్ స్పానర్ లాగి తలుపు సందులో పెట్టి పెకలించాను. గోరు ఊడిపోయింది, చూడు. అక్కని లాగి గట్టు మీద పడుకోబెట్టాను. నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

తలెత్తి చూస్తే నువ్వెక్కడున్నావు? బానెట్ దగ్గర! పెళ్లాం చచ్చిపోతుంటే వంగి కంప్రెసర్ చూస్తున్నావు! అది ఊడొచ్చి స్టీరింగ్ రాడ్డుకి అడ్డం పడి ఉంది. నా బుర్రలో ఒక్కటే మాట: వీడే విప్పాడు. విప్పేస్తానని అన్నాడుగా! టీ తాగేటప్పుడు విప్పాడు, సగంలో వదిలేశాడు, ఇప్పుడు ఆనవాళ్లు చెరుపుతున్నాడు. స్పానర్ ఇంకా నా చేతిలోనే ఉంది.

కొట్టాను. నువ్వు ఇటు తిరిగావు, నోరు తెరిచావు, మళ్లీ కొట్టాను. అబ్బా, అలా కళ్లు మూసుకోకు. నా వైపు చూడు.

అక్కకి స్పృహ వచ్చాక మొదట చెప్పింది నేనే. మీ ఆయనే నట్లు విప్పాడు, అందుకే కొట్టానని చెప్పాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాతే బట్టలు సర్దమంది.

నిన్న మధ్యాహ్నం పోలీసు యార్డుకి వెళ్లాను. నువ్వు విప్పావని రుజువు తెద్దామనే వెళ్లాను, ఇంకెందుకు? బ్రాకెట్టుకి రెండు నట్లు ఇంకా వేలాడుతున్నాయి. వేలితో తిప్పితే వచ్చేశాయి. అప్పుడు చూశాను. స్పానర్‌తో బిగిస్తే వాషరు కింద రంగు చితకాలి కదా? మెరుస్తూ ఇనుము కనబడాలి కదా? నాలుగు చిల్లుల చుట్టూ రంగు పసిపాప బుగ్గలా ఉంది. ఒక్క గీరు లేదు. ఎవరూ విప్పలేదు బావా. ఎవరూ బిగిస్తేగా విప్పడానికి!

ఇదిగో, రెండు నట్లూ జేబులోనే ఉన్నాయి. దుప్పటి మీద పెడుతున్నాను.

ఇంకోటి కూడా చూశాను. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు. నేను వేసిన మూరెడు వైరు. కంప్రెసర్ ఊడి పడ్డప్పుడు తొక్క చిరిగి ఇనుముకి తగిలింది, బొగ్గయిపోయింది, దాని కిందే పెట్రోలు గొట్టం. ఎవరో ఉత్త చేత్తో దాన్ని బ్యాటరీ మీంచి పీకేశారు. కరిగిన ప్లాస్టిక్ మీద వేళ్ల అచ్చులున్నాయి. అప్పుడుగానీ నీ ఎడమచేతి కట్టు నాకు గుర్తురాలేదు. నువ్వు ఆనవాళ్లు చెరపలేదు. బండి అంటుకోకుండా ఆపావు. అప్పటికి లోపల అక్క, తలుపు దగ్గర నేను. నువ్వు మమ్మల్ని కాపాడుతుంటే నేను నిన్ను కొట్టాను.

తల తిప్పుకోకు బావా. తిట్టు. పలక మీద తిట్టు.

ఈ తలకట్టు తలుపు తగిలి కాదు. పొద్దున అక్కకి చెప్పేశాను. అంతా విని మంచం పక్కనున్న స్టీలు జగ్గు తీసి మొహాన కొట్టింది. నీళ్లతో సహా. మూడు కుట్లు పడ్డాయి. రక్తం కారుతుంటే తుడుచుకోనివ్వలేదు. "కిందికెళ్లి ఆయనకి చెప్పు. పోలీసులకి చెప్పు. ఆ తర్వాత నా ఎదటికి రా, ఈ రెండో కాలుతో తంతాను" అంది. తర్వాత నీ గురించి అడిగింది. ఏం తింటున్నావని అడిగింది. గొట్టంతో పాలు అన్నాను. దుప్పటి మొహం మీదికి లాక్కుని చాలాసేపు ఏడ్చింది. సాయంత్రం చక్రాల కుర్చీలో కిందికి తీసుకొస్తామన్నారు.

ఏయ్, కన్నీళ్లు కట్టులోకి పోతాయి, ఆగు, తుడవనీ. నా చెయ్యి నెట్టెయ్యకు... సరే, నువ్వే తుడుచుకో.

ఏంటి, పలకా? ఇలా తిప్పు. "వెనక పెట్టమన్నానా లేదా?"

అన్నావు. అన్నావు బావా. వెనక పెట్టి ఉంటే ఊడి మందుల పెట్టెల మీద పడేది, అంతే. గెలిచావు, చాలా? కానీ బిగించి ఉంటే బానెట్ కింద కూడా... ఛీ, నా నోట్లో మన్ను పడ. ఇంకా వాదిస్తున్నానా?

అదిగో, బూట్ల చప్పుడు. వచ్చేశాడు. చూడు, ఆయనకి పడ్డానని రాయకు. నా కోసం రాయకు, అక్క కోసం కూడా రాయకు. నట్లు ఇక్కడే ఉన్నాయి, చూపించు. మిగతాది నేను చెప్తాను. రాస్తున్నావా? ఏదీ, చదవనీ. "మా బావమరిది. వీల్ స్పానర్. కోపంలో రెండు దెబ్బలు."

రెండు కాదు బావా.

నీకు గుర్తుండదు. రెండో దెబ్బకే పడిపోయావు. పడి, కళ్లు తేలేస్తూ, వేలు బానెట్ వైపు చూపించావు. ఆ వైరు పూర్తిగా ఊడిందో లేదో చూడమన్నావో, నట్లు చూడమన్నావో, నాకిప్పటికీ తెలీదు. ఇంకా నాతో వాదిస్తున్నావనుకున్నాను. దవడ విరిగింది అప్పుడే.

మూడని దిద్దు.