డబ్బా మీద మామయ్య పేరు

పేగులోకి కెమెరా గొట్టం పెట్టించుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన మామగారు సోఫాలో వాలారు. ఆయన్ని ఆ పరీక్షకు పంపింది కోడలే. మలాన్ని పరీక్షించి పేగు క్యాన్సర్‌ను ముందే పసిగట్టడం మీద ఆవిడ పరిశోధన. అత్తగారు వంటింట్లో ఉన్నారు.

“...కాసేపు కూర్చోవమ్మాయ్! కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి? గొట్టం పెట్టించుకున్నది నేనా, నువ్వా?”

“కూర్చోబుద్ధి కావట్లేదు మామయ్యా. డాక్టరు ఇంకేమన్నాడు? సరిగ్గా చెప్పండి.”

“ఇంకేమంటాడు! అద్దంలా ఉందన్నాడు. ఈ వయసులో ఇంత శుభ్రమైన పేగు చూడలేదన్నాడు. పిసరంత పుండు కూడా లేదట. నీ మిషనే, నాకు క్యాన్సరంది.”

“క్యాన్సరనలేదు. అనుమానమంది.”

“ఏదో ఒకటి. నిన్నంతా ఆ మందునీళ్లు తాగి, బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య పరుగులు పెట్టింది నువ్వు కాదుగా!”

“క్షమించండి మామయ్యా. మీకేం లేదంటే నాకు ప్రాణం లేచొచ్చింది.”

“మొహంలో కనిపించట్లేదే.”

“భయం కూడా ఉంది, అందుకని. పేగు గోడ నుంచి రాలిన కణాలు మలంలో వచ్చేస్తాయి. వాటి డీఎన్ఏలో తేడా ఉంటే మా మిషను పట్టుకుంటుంది. మీరిచ్చిన శాంపిల్ డబ్బాలో తేడా కాస్తో కూస్తో కాదు, గట్టిగా కనిపించింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.”

“అబద్ధమాడిందిలే. మనుషులే ఆడుతుంటే మిషను ఆడదా?”

“మా ల్యాబ్ పెద్దాయన కూడా అదే అంటున్నాడు. ఎంత తేడా ఉంటే అనుమానించాలో మాకొక గీత ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మిమ్మల్ని రోగి అంది కాబట్టి ఆ గీత పైకి జరిపేద్దామంటున్నాడు. రేపే! జరిపితే, అప్పుడప్పుడే మొదలైన క్యాన్సర్లన్నీ దాని కిందనుంచి జారిపోతాయి. ఎందరు జారిపోతారో! ఇక ఈ పరీక్ష ఉండి ఎందుకు?”

“నా మూలంగానా?”

“మీ డబ్బా మూలంగా.”

“సరే, సరే... ఏమేవ్! కాఫీ ఏమైంది?”

“వస్తున్నానండీ. స్టవ్ దగ్గర కాసేపు కూర్చున్నా.”

“విన్నావా? కాఫీ కలపడానికి కూడా కూర్చోవాలట. మీ అత్తయ్యకు ఈమధ్య బద్ధకం ఎక్కువైంది.”

“బద్ధకం కాదండీ, ఆయాసం. అమ్మాయ్, నీకు పంచదార వెయ్యనా?”

“వద్దత్తయ్యా... మామయ్యా, ఒకటి అడుగుతాను. కోప్పడకండి.”

“అడక్కు.”

“ల్యాబ్‌లో డబ్బాలు తారుమారయ్యాయేమోనని అంతా వెతికాను. కాలేదు. మీ డబ్బా నేనే తీసుకెళ్లాను, నా చేత్తోనే తెరిచాను. ఇక మిగిలింది ఈ ఇల్లే. డబ్బా ఇచ్చిన పొద్దున...”

“మామగారిని పట్టుకుని కోడలు అడిగే ప్రశ్నలేనా ఇవి?”

“ఆ పొద్దున ఎలా చేశారు మామయ్యా? అంతే.”

“ఎలా చేస్తారు! అందరూ ఎలా చేస్తారో అలాగే.”

“డబ్బాలో వేశాక?”

“మూత పెట్టాను.”

“మూత పెట్టేముందు?”

“ముందా... ముందు... ఆ, చేతులు కడుక్కున్నాను.”

“డబ్బాతోపాటు చిన్న సీసా ఇచ్చాను. అందులోని మందు పోశారా?”

“పోశాను, పోశాను. మర్చిపోతానా? నీలం నీళ్లు. మొత్తం పోసేశాను.”

“నీలం ఎక్కడివండీ? మంచినీళ్లలాగే ఉన్నాయిగా! మూత ఎంత బిగుసుకుపోయిందో, గుడ్డతో పట్టుకుని తిప్పితే గానీ రాలేదు.”

“నువ్వు లోపలే ఉండవే!”

“వచ్చేశానుగా. కాఫీ చల్లారిపోతుంది, తీసుకోండి.”

“మామయ్యా, నా వైపు చూడండి.”

“చూడటానికేముంది? ఆ రోజు... ఆ రోజు కాలేదమ్మా. ఎంతసేపు కూర్చున్నా కాలేదు. నువ్వేమో సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. కాలేదని నీతో చెప్పుకోమంటావా? మీ అత్తయ్యను చూసుకోమన్నాను.”

“ఏం చూసుకోమన్నారు?”

“ఏం అంటే... డబ్బా సంగతి.”

“గొట్టం పెట్టేముందైనా ఒక్క మాట చెప్పాల్సింది మామయ్యా!”

“ఏమని చెప్పను? తల కొట్టేసినట్టుండదూ! ఉత్తుత్తి పరీక్షే కదా, ఏమీ రాదులే అనుకున్నా.”

“అత్తయ్యా, ఆ ట్రే ఇలా ఇవ్వండి. కూర్చోండి. ఇక్కడ, నా పక్కన. ఆ ఆయాసం ఎప్పట్నుంచి?”

“నా గోల ఇప్పుడెందుకమ్మాయ్? పరీక్ష మీ మామయ్యది కదా. ఏమీ లేదన్నారుగా, అది చాలు.”

“డబ్బా మీద పేరు మామయ్యది అత్తయ్యా. లోపల ఉన్నది ఎవరిది?”

“అమ్మాయ్... అంటే నువ్వనేది... ఏమేవ్, నువ్వు మాట్లాడకు!”

“ఎందుకండీ అంత కంగారు? కోడలేగా అడిగింది. నాదే తల్లీ! పెళ్లయినప్పటి నుంచి ఈయన పని ఏదైనా నేను కాక ఇంకెవరు చేశారు, ఆ ఒక్కటీ ఈయన్ను చేసుకోమనడానికి?”