బొజ్జన్న చరణం

కోయిలకుంట్ల దగ్గర ఒక జొన్నచేను గట్టు మీద కూర్చుని, విత్తనాలేసే పాటను సర్కారు జాబితాకెక్కించడానికి వచ్చిన ఉద్యోగి వసంతకుమార్ అరగంట నుంచి ఆ పాట పాడే ముసలి గంగక్కను బతిమాలుతున్నాడు. గంగక్క లొంగే రకం కాదు.

“పాటంతా రాసుకున్నానవ్వా. ఆ ఒక్క చరణం తీసేద్దాం.”

“ఏ చరణం?”

“అదే, కరువులో విత్తనం...”

“పూర్తిగా చెప్పు. నోరేం కాలదులే.”

“కరువులో ఊరి విత్తనం తన పాతరలో దాచుకున్న బొజ్జన్న. చాలా?”

“చాలు. అది తీసేది లేదు.”

“జాబితాలో చేరితే ఈ పాట మీ ఊరిదని ఒక కాగితం ఉంటుంది. మొన్న ఒక పాటల కంపెనీవాడు దీన్ని తనదని రికార్డు వేసుకుంటే అర్జీ పెట్టింది నువ్వే కదా?”

“పెట్టినా. ఇంగా పెడతా. వాడు గూడా ఆ చరణమే కోసి పారేసినాడు. వాడికీ నీకూ ఏం తేడా అప్పా?”

“నేను మీ మంచికే చెప్తున్నా. అందులో మనిషి పేరుంది, పరువు తీశారని కేసు వేస్తే? పై కమిటీ ఒప్పుకోదు.”

“ఆ యేడు చేండ్లన్నీ బీడు పడినాయి. మా ఊరి శివలీల వాళ్లమ్మ ఆకలికి పోయింది. ఆమె పరువు గురించి మీ కమిటీ ఏమంటాది?”

“అయ్యో, అది వేరే సంగతి...”

“వేరే కాదు. పాటే అది. ఆ చరణం లేకుండా విత్తే గొర్రు కదల్దు మా చేన్లో.”

“ఆ చరణం ఎవరు ఎత్తుకుంటారు?”

“నేనే. యాభై యేండ్ల నుంచి.”

“ఇంకొకరు ఎత్తుకోరా?”

“ఎత్తుకోగూడదు.”

“ఎందుకు? అంత పగా నీకు?”

“నువ్వు రాసుకునే పని చూడు.”

“సరే, ఒక దారి ఉంది. అభ్యంతరం లేదని ఆ బొజ్జన్న ఇంటివాళ్లు సంతకం పెడితే చరణం ఉంచుతా. పెట్టరు. తమ ఇంటి పేరు తామే ఎవరు చెడగొట్టుకుంటారు?”

“కాగితం ఇట్లా తే.”

“నీది కాదవ్వా, వాళ్లది కావాలి.”

“మా చేన్లో ఒక కట్టుబాటు ఉండాది అప్పా. తప్పు చేసినోడి చరణం వాళ్లింటోళ్లే ఎత్తుకోవల్ల. రాసుకో. గంగక్క, బొజ్జన్న కూతురు.”