గుడ్డల పిండిన ముర్రుపాలు

చెప్పు వదినా, నువ్వేం చూసినవ్? నా బిడ్డ రొమ్ములకెల్లి పసుపుపచ్చగ, చిక్కగ పాలు కారుతుంటే నీ కండ్లకు ఏం కనపడ్డది? పుండుల చీము లెక్క కనపడ్డదా? నోరు తెరువు. రాజోలిల వాడకట్టంత నీ నోటికి భయపడ్తది గద, గద్వాల దవాఖాన బెంచీ మీద కూసోంగనే మాట పడిపోయిందా?

నేను పూణెల సిమెంటు తట్టలు మోస్తుంటి. కాన్పు ముందుగాల్నే అయితదని ఎవరికి తెలుసు? ఫోనుల ఏమన్నవ్? "ఈరమ్మా, పరేషాన్ కాకు. రెబెకా నాకు కోడలు గాదు, బిడ్డే" అన్నవ్. నమ్మితి. బస్సు దిగి ఉరికొచ్చి చూస్తే మనుమడు అద్దాల పెట్టెల ఉన్నడు. పొట్ట ఉబ్బి నున్నగ మెరుస్తున్నది. ముక్కుల గొట్టం. ఏడ్వనీకి గూడ శాతగాదు వానికి.

అంత చెప్పింది రెబెకా. "తల్లిపాలే పట్టుండ్రి" అని సిస్టరమ్మ అంటే బుద్ధిమంతురాలి లెక్క తల ఊపినవంట. ఆమె అటు పోంగనే తెర గుంజి, పాత గుడ్డల పిండిస్తివి. నిల్వ పాలంట, చెడ్డవంట! వాని నోట్ల తేనె నాకిస్తివి. పంచదార నీళ్లు పోస్తివి. మీదికెల్లి డబ్బ పాలు.

ఏందీ? మనమంత గట్లనే పెరిగినమా?

ఉండు, ఒకటడుగుత. దసరాకు ముందు మీ బర్రె ఈనింది. నేను మీ ఇంట్లనే ఉంటి. దుడ్డె సరిగ నిలవడనన్న లేదు, దాన్ని పొదుగు కాడికి నూకినవ్. "ముర్రుపాలు కడుపుల పడకుంటే దుడ్డె దక్కది వదినా" అని నాకే చెప్పినవ్. మిగిలినయి బెల్లమేసి జున్ను కాచి, వాడకంత గిన్నెలల్ల పంచినవ్. నువ్వే గద? మరి బర్రెకొచ్చింది జున్ను, నా బిడ్డకొచ్చింది చీము అయిపాయెనా? దుడ్డెకున్న పాటి నీ మనుమనికి లేకపాయె!

డాక్టరమ్మ నాకు నిమ్మలంగ చెప్పింది. పుట్టిన పిలగాని పేగు పచ్చిదంట. మొదటి పాలు పోతనే దానికి పూత పడ్తదంట. అలకని మట్టిగోడ ఒక్క వానకు ఎట్ల జారుతదో నీకు నేను చెప్పాల్నా?

కడుపుల మంచి పురుగులు గూడ ఉంటయంట, కంటికి కానరావు. తల్లిపాలతోనే అవి కుదురుకుంటయంట. తోడేస్తే పాలు పెరుగైతయి. తోడెయ్యకుండ ఇడిసిపెడ్తే ఏమైతయి? ఇరిగి కంపు కొడ్తయి. నువ్వు తోడు పారబోసి, చెడ్డ పురుగులకు తలుపు తీసినవ్. అవి పేగు దాటి నెత్తురుల కలిసినయి. గిది నీ పెద్దరికం!

ఏమన్నవ్? దినేష్ బతకలేదా?

బతికిండు. నా అల్లుడు, బండ లెక్క ఉన్నడు. మరి వానికి ముందు పుట్టినోళ్లు? ఇద్దరు గద. పేరు పెట్టకముందే పోయిరి. వాళ్ల నోట్ల మీ అత్త ఏం పోసింది వదినా? బతికినోన్ని చూపిస్తవ్. పోయినోళ్ల మాటెందుకు ఎత్తవ్?

ఏడువకు. నీ ఏడ్పు చూస్తందుకు రాలే నేను. దేవుడు తీస్కపోయిండని ఇన్నేండ్లు అనుకున్నవ్. అనుకో, నాకేంది. ఈ పిలగాన్ని మాత్రం దేవుని మీదికి నూకనియ్య.

ఇగో, ఈ స్టీలు గిన్నె చూడు. పిలగాని పొట్ట జర దిగింది, తల్లిపాలు సుక్క సుక్క మొదలుపెడ్దమన్నది డాక్టరమ్మ. రెబెకాకు పాలు ఎండిపోవట్టె. నొప్పికి పండ్లు కొరుక్కుంట పిండితే అడుగు తడిసేటన్ని వచ్చినయి. కుట్లు పచ్చిగున్నయి, అది లేవలేదు. నేను తీస్కపోత అంటే గేటు కాడ అఫ్జల్ రానిస్తలేడు. కాళ్లు మొక్కిన, వాచ్‌మెన్ నౌకరీ పోతదంటడు. ఒక్కరికే పాసంట. అది నీ మెడల యేలాడుతున్నది, నీ ఫోటోతోని. నాయనమ్మవంట నువ్వు!

నీ మొఖం చూడబుద్ధి అయితలేదు నాకు. అయినా నీకే ఇయ్యాల్సొచ్చె.

తీస్కో. రెండు చేతులతోని పట్టు. లేచే ముందు ఒక్కటి చెప్పు. లోపల నేనుండ, రెబెకా ఉండది, సిస్టరమ్మ అటు తిరుగంగనే నిన్ను చూసేటోళ్లెవ్వరుండరు. ఈ పాలు వాని నోట్లకు పోతయా, మల్ల గుడ్డలకే పోతయా?