జగిత్యాలకు పోవాలనుకున్న

"బాపమ్మా, మా సారు హోంవర్కిచ్చిండు. వాంటెడ్ టు, ట్రైడ్ టు, ప్రామిస్డ్ టు... గిట్లాంటియి పెట్టి ఇంట్ల పెద్దోల్ల ముచ్చట ఇంగ్లీషుల రాయాల్నట. నువ్వేం చెయ్యాలనుకున్నవో చెప్పు, నేను రాసుకుంట."

ఏందీ, వాంటెడ్ టు నా? నవ్వకు బిడ్డా, గా మాట నాకెరుకే. పోవాలనుకున్న, తినాలనుకున్న అని చెప్పెతందుకు గద. నాకు గీ ఇంగ్లీషు ఒచ్చని మీ తాతకు సుత తెల్వదు. ఒచ్చుడంటే ఏమొచ్చుడు, గా ఒక్కటే. ఆ నూలు కండెల డబ్బ జెర్ర జరిపి కూసో, చెప్త.

నా తల్లిగారిల్లు కోరుట్ల గద. మా ఇంటెనుక గోడ ఖైరునోల్లది. ఖైరున్నిస దాని పేరు, అందరం ఖైరునే అనేటోల్లం. నాకంటె ఒక యాడాది చిన్నది... కాదు కాదు, అదే పెద్ద, పాలపండ్లు ముందుగాల దానికే ఊడినయి. ఇద్దరం బీడీలు చేసేటోల్లం. గప్పుడు మా దిక్కు ఆడపిల్ల కూసున్నదంటే ఒడిల చాట, చాటల తునికాకు, తంబాకు, ఇగ గంతే. నన్ను మా బాపు నాలుగో తర్గతికే బడి బందు చేపిచ్చిండు. ఖైరున్ మాత్రం సదువుత అని ఒక్కటే మొండి. వాల్లమ్మ ఏమన్నదంటే, పో గని బీడీలు తక్వ పడొద్దు, తక్వ పడ్డనాడు బడి బందు అన్నది.

తక్వ పడకుంట ఎట్లుంటయి చెప్పు. పొద్దంత బడి, మాపు బీడీలు. నాదేమో చెయ్యి జల్ది. ఆకు కత్తిరించుడు, చుట్టుడు, దారం కట్టుడు, మాటల్ల మాటల్లనే అయిపోయేటియి. ఇగ నేను చేసినయాట్లకెల్లి పిడికెడు పిడికెడు తీసి దాని చాటల ఏసేదాన్ని. మా వాడకట్టుల గట్ల ఉండేది బిడ్డా. ఎవలన్న బాలింతయితేనో, జరమొస్తేనో, పక్కపొంటి కూసున్నోల్లు తలా పిడికెడు ఆమె చాటల ఏసేటోల్లు. ఏసినంక మల్ల గా ముచ్చట తియ్యొద్దు. చాటల పడ్డదంటే ఇగ అది ఆమెదే. నేను సుత గట్లనే ఏసిన. కాకపోతే జరానికి కాదు, సదువుకు ఏసిన. దాని పదో తర్గతి అయ్యేదాక ఏసిన.

ఒకపారి ఏమైంది, కార్ఖానల బీడీలు తీసుకునే మునీం బీడీ కట్ట చేతుల పట్టి చూసి, గివి ఒక్క చేతి బీడీలు కావు, దారం ముడి రెండు తీర్ల ఉన్నదన్నడట. వాల్లమ్మకు తెల్సిపోయింది. తిడ్తదనుకొని నేను భయపడుకుంట ఉన్న. తెల్లారి ఆమెనే నన్ను పిల్చి, ఖిచిడి పెట్టి, తినేదాక నా పక్కన కూసున్నది. గా ఖిచిడి, దాని మీద పుల్లపుల్లగ ఖట్టా... సరే, నేను ఎటో పోతున్న.

ఏం చెప్తున్న? ఆ, మాపు ఖైరున్ అచ్చి, ఆకు కత్తిరించుకుంట ఆనాటి పాఠం నాకు అప్పజెప్పేది. నాకు చెప్తే దానికి యాదుంటదట. నాకు అన్ని పోయినయి, గిదొక్కటి ఉండిపోయింది. ఐ వాంటెడ్ టు ఈట్, ఐ వాంటెడ్ టు స్లీప్. దారం తిప్పినప్పుడల్ల అదొకటి అనేది, నేనొకటి అనేదాన్ని. మా అవ్వ, ఏందే గా గునుగుడు అని కసిరేది.

మల్ల నన్ను సిరిసిల్లకు ఇచ్చిండ్రు. ఈడ మగ్గాల చప్పుడు, కండెలు చుట్టుడు, నా పని ఇటు పడ్డది. ఖైరున్ సదివి సదివి జగిత్యాలల టీచరయింది. ఇంగ్లీషు టీచరే! ఎంత సంబురమైందో నాకు, వాడకట్టంత తిరిగి చెప్పిన. ఇంట్లకు ఫోన్లు అచ్చినంక ఇగ దానిది ఒక్కటే మాట. "రాజవ్వా, ఒక్కనాడు మా బడికి రావే. నా క్లాసుల కూసోవే. గీమె చేసిన బీడీలతోనే నేను సదివిన అని మా పిల్లలకు చెప్త."

అస్తనే, అస్త అన్న. ఎన్నేండ్లన్ననో ఏమో. ఒకపారి పని మస్తు ఉన్నదన్న. ఒకపారి మీ నాయిన పెండ్లన్న. బస్సు కిరాయి పిరమైందన్న. మల్ల ఆడోల్లకు బస్సు ఉట్టిగనే ఆయె. "ఇప్పుడేమంటవే? ఆధార్ కార్డు పట్టుకొని ఎక్కుడే గద" అని నవ్వింది. మోకాల్లు నొస్తున్నయన్న.

అసలు ముచ్చట మోకాల్లు కాదు బిడ్డా. ఇది ఎవ్వలకు చెప్పలె. నేను పోయి ఆ బడిల కుర్చీల కూసుంటే, చాటల ఏసినదానికి పేరు అడగవోయినట్టు ఉంటదని నా మనసుల ఉండె. ఏసినంక ముచ్చట తియ్యొద్దు గద. గా పద్ధతి పట్టుకొని ఈడనే కూసున్న. అది పిల్చింది నా కోసం కాదు, దాని మనసు కోసం. గీ సంగతి అప్పుడు తట్టలె నాకు. ఇప్పుడు తట్టి ఏం లాభం.

మొన్న, మొన్న అంటే ఎండలు ముదరకముందు, దాని కొడుకు ఫోన్ చేసిండు. ఖాలా, అమ్మీ పోయింది అన్నడు.

మట్టి చేసేయాల్లకు నేను అందుకోలె. నలభయ్యో దినం ఫాతిహా, మన దినాల అసొంటిది, దానికి పోయిన. గప్పుడు ఏ మోకాలు నొయ్యలె. వేములాడకాడ బస్సు మారిన, జగిత్యాలల దిగిన. గింత దగ్గరనా అనిపిచ్చింది.

ఇంటి నిండ ఆడోల్లున్నరు. ఒక పిల్ల, ఖైరున్ దగ్గర సదివిందట, నాకు నీల్లు తెచ్చి, ఏ ఊరమ్మా, పేరేందమ్మా అన్నది. సిరిసిల్ల, రాజవ్వ అన్న. గిలాస అట్లనే చేతుల పట్టుకొని నన్ను చూసింది. "రాజవ్వ వాంటెడ్ టు కమ్... గా రాజవ్వ మీరేనా?" అన్నది.

నాకు సమజు కాలె. అప్పుడు చెప్పింది. ఏ యాడాది పిల్లలచ్చినా గీ వాంటెడ్ టు పాఠం కాడికి రాంగనే బోర్డు మీద మొదటి వాక్యం గదేనట. రాజవ్వ వాంటెడ్ టు కమ్. దాని కింద, రాజవ్వ ప్రామిస్డ్ టు కమ్. పిల్లలు నవ్వుకుంట, టీచర్, రాజవ్వ ఎప్పుడొస్తది అని అడిగేటోల్లట. ఈ యాడాది అస్తది అనేదట. ఒకనాడు ఒక పోరడు లేచి, రాజవ్వ ఫర్గాట్ టు కమ్ అన్నడట. వాక్యం రైటే గద. తప్పు అన్నదట ఖైరున్. "మర్సిపోలె. నా రాజవ్వ మర్సిపోదు" అన్నదట.

నా పేరు ఇని లోపటికెల్లి ఇంకిద్దరు పిల్లలు ఉరికచ్చిండ్రు, నన్ను చూసెతందుకు. జగిత్యాలల ఎంతమంది పిల్లలకో నా పేరు ఎరుక బిడ్డా. రాని మనిషి పేరు. గంతమంది నడుమ సిగ్గిడిసి ఏడ్సిన. ఒక్క దినం పోతే ఏం పోతుండె నాది? ఒక్క దినం.

రాసుకున్నవా? ఏదీ, సదువు... ఆ. రాజవ్వ వాంటెడ్ టు కమ్. గంతే, ఇగ దాని ఎన్క ఇంకేం రాయకు. మీ సారు టిక్కే కొడ్తడు, తప్పేం లేదు దాంట్ల.

సల్లగుండు నా తల్లి. గంభీరావుపేట పిల్ల, నీ దోస్తు, ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిల్వలె నిన్ను? రేపు ఐతారమే, పో. మీ అమ్మతోని నేను చెప్త. నా అసొంటి వాక్యం నీ జిందగీల పడొద్దు బిడ్డా. పోయిన, చూసిన, పక్కన కూసున్న, కడుపునిండ మాట్లాడిన... గట్ల రాయాలె నువ్వు. గట్ల...

ఆ డబ్బ ఇటు జరుపు. కండెలు చుట్టేది ఇంక శానున్నది.