చొక్కా గుండీ కొలత

కుట్టుమిషన్ ముందు అత్త. నెల రోజుల ట్రైనింగ్ ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చిన కోడలు. రాగానే ఆమె చంకనెక్కిన ఎనిమిది నెలల పాప.

"ముందు చెప్పులు విప్పు, పిల్లని తర్వాత తడుముకుందువుగాని. నేనేం కొరుక్కుతిన్లేదులే."

"కిటికీలన్నీ మూసేశారేం అత్తయ్యా?"

"నీ కూతురికి వెలుతురు గిట్టదు. మహారాణి. తీస్తే నా కొంగులో మొహం దూర్చేస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో, క్యాలెండర్లో రాసుకోలేదు. అది వదిలెయ్. ఎడమ కన్ను చూడు. శుక్లం తీశారే, అది."

"చూస్తున్నా. నీళ్ళు కారుతున్నాయి."

"పళ్ళొచ్చే పిల్లకి కారవూ? నేను చూడమంది సైజు. డాక్టరమ్మ ఏమంది? పుట్టకముందే పోవాల్సిన రక్తనాళమేదో లోపల మిగిలిపోయింది, ఈ కన్నెప్పటికీ చిన్నదే అంది. గోడ నిండా పట్టాలు తగిలించుకుంది, ఆ మాత్రం తెలీలేదు పాపం. ఇప్పుడు కుడికన్నుని మించిపోయింది."

"మీకలా అనిపిస్తోందేమో."

"నలభై ఏళ్ళుగా కుడుతున్నా. నాకు అనిపించడాలు లేవు, కొలతలే. ఇదిగో చొక్కా గుండీ. నువ్వెళ్ళిన రోజు కంటి ముందు పెడితే నల్లగుడ్డు మొత్తం దాక్కుంది. ఇప్పుడు పెట్టు."

"చుట్టూ కనిపిస్తోంది."

"మరి. ఎదురింటావిడ చూసి కుళ్ళి చస్తోంది."

"ఆస్పత్రి నుంచి ఫోన్ రాలేదా? కంట్లో ప్రెషర్ చూడాలన్నారు. మీ నంబరే ఇచ్చాను."

"జానెడు పిల్లకి ప్రెషరంట. రేపు షుగరు కూడా ఉందంటారు."

"వచ్చిందా, రాలేదా?"

"పనీపాటా లేనివాళ్ళు ఎవరెవరో చేస్తూనే ఉంటారు, అన్నీ గుర్తుంటాయా? మొహం ఎందుకలా పెట్టావ్? బాగైతే సంతోషించడం కూడా చేతకాదు నీకు."

"ఇది బాగవడం కాదత్తయ్యా. ఈ ఆపరేషన్ అయిన పసివాళ్ళకి ఒక్కోసారి కంట్లో నీరు బయటికి పోదు. ప్రెషర్ పెరుగుతుంది. పసికన్ను మెత్తన కదా, బుడగలా సాగుతుంది. వెలుతురు చూడలేరు. లోపల నరం దెబ్బతింటే ఇక చూపు రాదు. ఈ గుండీ డాక్టరమ్మకి చూపిస్తా. పదండి, ఆటో పిలుస్తాను. ఆ ఫోనేదో వచ్చుంటే ముందే తెలిసేది."

"వచ్చింది."

"ఎప్పుడు?"

"పది రోజులైంది. కన్ను పెద్దదవుతోందా అని అడిగారు. అవును, మీరు కాదన్నా అయిందన్నాను. వెంటనే తీసుకురమ్మని అరుస్తుంటే... నవ్వి పెట్టేశానే."